అబ్బాయి ఇల్లు విడిచి పోయాడు, డిటెక్టివ్‌కు అడ్వాన్స్ ఇవ్వాలా?

అమ్మా, మీరు అడిగినదాన్ని ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి, పద్నాలుగేళ్ళవాడు, శనివారం సాయంత్రం అనంతపురంలో ఇంట్లోంచి బయటికి వెళ్ళి రాలేదు. స్టేషన్‌లో మీ కాగితం తీసుకుని, చుట్టాల ఇళ్ళల్లో చూసుకోండి, రెండ్రోజులు ఆగండి అన్నారు. మీ ఆయన లారీ మీద ఉన్నారు, రేపటికి గానీ ఊరు చేరరు. ఈలోగా మీ మరిది బెంగళూరులో ఒక ప్రైవేట్ డిటెక్టివ్‌తో మాట్లాడారు. యాభై వేలు అడ్వాన్స్ ఇస్తే టవర్ లొకేషన్ తీసి పిల్లోణ్ణి తెచ్చి అప్పజెప్తానన్నాడు. ఇవ్వాలా వద్దా అని మీ ప్రశ్న.

ఇవ్వొద్దు. కనీసం ఇవాళ ఇవ్వొద్దు. అబ్బాయికి సొంత ఫోన్ లేదు, నా ఫోనే వాడేవాడు అని మీరే రాశారు. మరి ఆయన ఏ ఫోన్ టవర్ తీస్తాడు?

నేను సీఐగా రిటైరయ్యాను. అనంతపురం, కడప జిల్లాల్లో పనిచేశాను, మధ్యలో కొన్నేళ్ళు గుంతకల్లు రైల్వే పోలీసులో ఉన్నాను. మిస్సింగ్ కేసంటే స్టేషన్లలో కొంత చులకన ఉంటుంది, ఆకలేస్తే వాడే వస్తాడులే అని. చాలామంది వచ్చే మాట నిజమే. రానివాడు ఎవడో మొదటి రోజు ఎవరికీ తెలీదు, చిక్కంతా అక్కడే.

ఇప్పుడే చేయాల్సిన పని, స్టేషన్‌కు వెళ్ళి "క్రైమ్ నంబర్ ఎంత సార్?" అని అడగడం. కేసు కడితే ఎఫ్ఐఆర్‌కు పడే నంబర్ అది. కాగితం తీసుకోవడం వేరు, కేసు కట్టడం వేరు. మీ కాగితం రైటర్ బల్ల మీద ఫైలు కింద ఉందంటే కేసు లేనట్టే. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న రూలు పిల్లల విషయంలో ఎక్కడా లేదు. 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే పిల్లల హక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది. పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, వేరే సంగతి తేలేదాకా కిడ్నాప్ లేదా అక్రమ రవాణా అనే అనుమానంతోనే దర్యాప్తు చేయాలి. పాత ఐపీసీలో మగపిల్లలకు పదహారేళ్ళ దాకానే కిడ్నాప్ సెక్షన్ వర్తించేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్‌లో ఆడైనా మగైనా పద్దెనిమిదేళ్ళే. కాబట్టి "మగపిల్లోడే కదమ్మా" అనే మాటకు ఇప్పుడు చట్టంలో చోటు లేదు.

ఎఫ్ఐఆర్ మీద ఎందుకింత పట్టు పడుతున్నానంటే, మిగతా తలుపులన్నీ ఆ నంబర్‌తోనే తెరుచుకుంటాయి. ఎవరి కాల్ డేటా కావాలన్నా ఎస్పీ ఆఫీసు నుంచి ఫోన్ కంపెనీకి మెయిల్ పోవాలి, అందులో క్రైమ్ నంబర్ ఉండాలి. పక్క జిల్లాకు, పక్క రాష్ట్రానికి ఫోటో పంపాలన్నా, తప్పిపోయిన పిల్లల వివరాలుండే మిషన్ వాత్సల్య పోర్టల్‌లో ఎక్కించాలన్నా అదే. బెంగళూరులో ఒక కానిస్టేబుల్ మీ అబ్బాయిని చూసి అనుమానపడ్డాడనుకోండి, ఎక్కడా కేసు లేకపోతే ఆయన ఎవరికి ఫోన్ చేయాలి? ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ప్రతి స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి అని ఒకరు ఉండాలి, ఏఎస్సైకి తగ్గని ర్యాంకు. ఆయన పేరు, నంబరు రాసుకోండి. ఇకపై మీరు మాట్లాడాల్సింది ఆయనతోనూ దర్యాప్తు చేసే ఎస్సైతోనూ.

ససేమిరా కేసు కట్టం అని వాళ్ళంటే గొడవ పెట్టుకోకండి, టైము పోతుంది. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద ఫిర్యాదును ఎస్పీగారికి పోస్టులో పంపొచ్చు. సోమవారం అయితే ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, నేరుగా వెళ్ళండి. ఎమర్జెన్సీ నంబర్ 112కూ చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కీ ఫోన్ చేసి చెప్పినా ఆ కాల్ రికార్డులోకి ఎక్కుతుంది. అబ్బాయి పోయింది ఏ స్టేషన్ పరిధి అన్న తగువు వస్తే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఏ స్టేషన్‌లోనైనా కట్టి తర్వాత బదిలీ చేస్తారు.

ఇక అసలు సంగతి. మీరు చాలా వివరంగా రాశారు. చొక్కా రంగు రాశారు, చెప్పుల సైజు రాశారు, ట్యూషన్ మాస్టారు ఏమన్నారో రాశారు. శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఏం జరిగిందో మాత్రం రాయలేదు. "మామూలుగానే ఉన్నాడు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు.

నా సర్వీసంతా విన్న మాట అది. "మామూలుగానే ఉన్న్యాడు సార్, మేమేం అనలేదు." రోంత సేపు కూర్చోబెట్టి టీ ఇప్పిస్తే అప్పుడు మొదలవుతుంది. మార్కులు తక్కువొచ్చాయని, ఫోన్ లాక్కున్నామని, వాళ్ళ నాయన నలుగురి ముందు చెయ్యి చేసుకున్నాడని. పరువు పోతుందని దాస్తారు, తప్పు మనమీదికి వస్తుందని దాస్తారు. ఆ దాచిన ముక్కలోనే పిల్లోడు ఎటు పోయాడో ఉంటుంది. కోపంతో పోయినవాడు ఒక చోటికి పోతాడు, భయంతో పోయినవాడు ఇంకో చోటికి పోతాడు, ఎవరో పిలిస్తే పోయినవాడి దారి వేరే. ఈ మూడింట్లో ఏదో తెలిస్తే దర్యాప్తు చేసేవాడికి సగం పని తగ్గుతుంది. అది చెప్పగలిగింది ఇంట్లోవాళ్ళే.

తాడిపత్రి వైపు ఒక కేసు. పదమూడేళ్ళ పిల్లోడు కనబడలేదు. తండ్రి వచ్చీరాగానే దాయాదుల మీద అనుమానం అన్నాడు. పొలం గట్టు తగాదా ఉంది, పాత కేసులున్నాయి. మన సీమలో ఆ మాట వింటే ఏ పోలీసూ తేలిగ్గా తీసుకోడు. మా పోలీసు బృందమంతా దాయాదుల చుట్టూ తిరిగింది, వాళ్ళ ఫోన్లు, వాళ్ళ చుట్టాల ఊళ్ళు. అసలు సంగతి పిల్లోడి చెల్లెలు చెప్పింది, రెండో తరగతి చదివే పాప. "మా నాయన బెల్టుతో కొట్టినాడు, అన్న చెడ్డీ తడుపుకున్న్యాడు, పిల్లోళ్ళంతా నవ్వినారు." అంతే. ఆ పిల్లోడు బళ్ళారిలో ఒక బేకరీలో పళ్ళేలు కడుగుతూ దొరికాడు. గుంతకల్లులో బండి మారి పోయాడు, ఎవరూ ఎత్తుకుపోలేదు. దొరికేదాకా ఊళ్ళో రెండు కుటుంబాలు కర్రలు పట్టుకుని కూర్చున్నాయి.

కాబట్టి అమ్మా, ఎస్సైగారి దగ్గర ఒక్కరే కూర్చుని మొత్తం చెప్పండి. మరిది, అత్తగారు, పక్కింటివాళ్ళు పక్కన లేకుండా. తిట్టినా కొట్టినా ఆ రోజు దాని మీద మిమ్మల్ని ఎవరూ నిలదీయరు, వాళ్ళకు కావాల్సింది పిల్లోడు. ఇంకో ముక్క కూడా చెప్పాలి. ఇంట్లోవాళ్ళు గానీ బడిలో, ట్యూషన్‌లో ఉన్నవాళ్ళు గానీ వాణ్ణి వేరే రకంగా ఇబ్బంది పెట్టారేమోనన్న అనుమానం ఏ మూల ఉన్నా దాచకండి. మగపిల్లలకూ జరుగుతుంది, మగపిల్లలు ఇంకా తక్కువ చెప్తారు.

అది అయ్యాక ఇల్లు చూడండి. ఇది పోలీసు చేయలేని పని. ఒక బీరువా తెరిచి నేను చూస్తే బట్టలు కనిపిస్తాయి. తల్లి చూస్తే లేని బట్టలు కనిపిస్తాయి. ఏం లేదో రాయండి. రెండు జతలు తగ్గాయా, బడి సంచిలో పుస్తకాలు తీసి మంచం కింద పెట్టాడా, హుండీ పగలగొట్టాడా, ఆధార్ కార్డు ఉందా, దుప్పటి ఉందా. ఒట్టి చేతులతో, హవాయి చెప్పులతో పోయినవాడు ఆ పూట కోపంలో పోయాడు, ఊరు దాటి ఉండకపోవచ్చు. సంచి సర్దుకుపోయినవాడు ముందే ఎక్కడికో అనుకున్నాడు. కడపలో ఒకసారి మే నెలలో, రోడ్డు మీద తారు కరిగే ఎండల్లో ఒక పిల్లోడు పోయాడు. వాళ్ళమ్మ బీరువా అంతా వెతికి "స్వెట్టర్ లేదు సార్" అంది. కడపలో మే నెలలో స్వెట్టర్ ఎవడు తీసుకుపోతాడు? అంతకుముందు ఏడాది బడివాళ్ళు ఊటీకి టూర్ తీసుకెళ్ళారు. ఆ టూర్లో వీళ్ళు దిగిన హోటల్ పేరు అడిగి అక్కడికి ఫోన్ చేయించాం. ఆ వీధిలోనే ఇంకో హోటల్లో పనికి చేరి ఉన్నాడు.

మీ ఫోన్ వాడేవాడన్నారు కదా, ఆ ఫోన్ మీ దగ్గరే ఉండటం మంచిదైంది. అందులోని ఆనవాళ్ళు పోగొట్టే పనులు చేయకండి. వాడి ఇన్‌స్టా లాగౌట్ చేయొద్దు, పాస్‌వర్డ్ మార్చొద్దు, గేమ్ తీసేయొద్దు, హిస్టరీ చెరపొద్దు. కోపంలో చాలామంది తల్లిదండ్రులు ముందు చేసే పని గేమ్ డిలీట్ చేయడమే. యూట్యూబ్‌లో, గూగుల్‌లో ఈ నెలలో ఏం వెతికాడో చూడండి. రైలు టైములు, ఏదో ఊరి పేరు, పని పేరు ఏదైనా. గేమ్‌లో స్నేహితుల జాబితా ఉంటుంది, వాళ్ళలో ఎవరితో ఎక్కువ ఆడేవాడో వాడి క్లాసు పిల్లలకు తెలుసు. వీడు ఎక్కడో ఎవరి ఫోన్‌లోనో మళ్ళీ గేమ్ తెరిస్తే ఆన్‌లైన్‌లో ఉన్నట్టు వాళ్ళకే మొదట కనిపిస్తుంది. ఇన్‌స్టా సెట్టింగ్స్‌లో ఏయే ఫోన్ల నుంచి లాగిన్ అయ్యారో, ఉజ్జాయింపుగా ఏ ఊరో చూపిస్తుంది. జీమెయిల్‌కు కొత్త ఫోన్‌లో లాగిన్ అయినట్టు మెయిల్ రావచ్చు. అలాంటిది ఏది వచ్చినా స్క్రీన్‌షాట్ తీసి ఎస్సైకి పంపండి, మీరు వాడికి మెసేజ్ పెట్టి బెదరగొట్టకండి. మీ ఫోన్ ఎప్పుడూ ఛార్జింగ్‌లో, రీఛార్జ్‌లో ఉండాలి. ఏ టీకొట్టువాడి ఫోన్ నుంచో చేస్తే, పిల్లోడికి గుర్తుండే నంబర్ అమ్మ నంబరే.

క్లాసు పిల్లల్ని ఎవరు అడగాలి? మీరూ కాదు, యూనిఫాంలో పోలీసూ కాదు. వాళ్ళకు నచ్చిన టీచరో, పీఈటీ సారో అడిగితే చెప్తారు. ఒక్కొక్కణ్ణి విడిగా అడగాలి. "వాడు ఎక్కడికి పోయాడో చెప్పు" అంటే, చెప్పనని వాడికి వేసిన ఒట్టు అడ్డమొస్తుంది. "వాడికి తినడానికి డబ్బులున్నాయా?" అని అడిగితే మాట జారుతుంది.

సీసీ కెమెరాల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ గడియారంతో పందెం. షాపుల్లో పెట్టే డీవీఆర్ అనే రికార్డింగ్ పెట్టెలో హార్డ్‌డిస్క్ నిండగానే పాత రికార్డు మీద కొత్తది పడుతుంది. కొందరి దగ్గర వారమే ఉంటుంది, కొందరి దగ్గర నెల. మీ వీధి కిరాణా కొట్టు దగ్గర మొదలుపెట్టి, వాడు ఎటు తిరిగాడో ఒక్కో కెమెరా పట్టుకుని పోవాలి. నేరుగా బస్టాండుకు పోయి అక్కడి రద్దీలో వెతికితే కళ్ళు పోతాయి తప్ప ఏం దొరకదు. షాపతను కాదంటే ఎస్సైతో ఒక ఫోన్ చేయించండి, కనీసం చెరిగిపోకుండా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించమనండి. తెర మీద కనిపించే టైమును మీ సెల్‌ఫోన్ టైముతో పోల్చుకోండి. పది నిమిషాలో, కొన్నిసార్లు గంటో తేడా ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొన్ని పెట్టెల గడియారం చెడుతుంది. ఆ తేడా రాసుకోకపోతే వాడు ఎక్కిన బస్సు ఒకటి, మనం వెంటపడే బస్సు ఇంకొకటి అవుతుంది.

ఇంకో మాట, ఫుటేజీ చూసేటప్పుడు తల్లో తండ్రో పక్కన ఉండాలి. అనంతపురంలోనే ఒకసారి, రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జి కెమెరా. రాత్రిపూట, తెర మీద మనుషులు బూడిదరంగు నీడల్లా ఉన్నారు. నేనూ మా కానిస్టేబులూ ఎంత చూసినా ఏం తేలలేదు. మా చేతిలో ఉన్నది నీలం చొక్కా, ఆ కెమెరాలో అన్నీ తెలుపో నలుపో. పిల్లోడి తండ్రి, గుత్తి రోడ్డులో పంచర్లు వేసుకునే మనిషి, వెనక నిలబడి చూస్తున్నాడు. ఒకచోట "నిలపండి సార్" అన్నాడు. టోపీ పెట్టుకున్న ఒక ఆకారం, మొహం కనబడదు, ఇద్దరు పెద్దవాళ్ళ వెనక నడుస్తోంది. "వీడే. ఎడమకాలు రోంత ఈడుస్తాడు చూడండి, చిన్నప్పుడు మిద్దె మీంచి పడినాడు." మళ్ళీ వెనక్కి తిప్పి చూశాం. నాలుగడుగులకొకసారి ఆ కాలు లాగుతోంది. ఆ ముందు నడిచే ఇద్దరు ఎవరో కాదు, ఇటుకబట్టీ పనికి పోయే కూలీలు. వాళ్ళతో కలిసి టికెట్ లేకుండా బండి ఎక్కాడు. ధర్మవరంలో దిగినట్టు మర్నాడు తేలింది. ఏ కంప్యూటరూ ఆ నడకను గుర్తుపట్టి ఉండేది కాదు.

బస్సు అయితే ఆర్టీసీ డిపోలో కంట్రోలర్‌ను అడగండి. ఆ టైముకి ఏయే సర్వీసులు బయల్దేరాయో, కండక్టర్లెవరో వాళ్ళ దగ్గర ఉంటుంది. ఒంటరిగా ఎక్కిన పిల్లోణ్ణి కండక్టర్ గుర్తుపెట్టుకుంటాడు, ముఖ్యంగా చిల్లర లెక్కపెట్టి ఇచ్చినవాణ్ణి. రైలు అయితే అది మీ టౌన్ స్టేషన్ పరిధి కాదు, గుంతకల్లు రైల్వే పోలీసుల కింద ఉంటుంది, ప్లాట్‌ఫాం మీద ఆర్పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం, వేరే. ఎఫ్ఐఆర్ కాపీ, ఫోటో పట్టుకుని రెండు చోట్లా ఇవ్వండి, రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి చెప్పండి. స్టేషన్లలో ఒంటరి పిల్లల్ని గుర్తించడానికి ఆర్పీఎఫ్‌కు 2018 నుంచి నన్హే ఫరిస్తే అనే కార్యక్రమమే ఉంది. అనంతపురం నుంచి దారులు ఎటు పోతాయో గుర్తుపెట్టుకోండి. కిందికి ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగళూరు. ధర్మవరంలో మారితే కదిరి, పాకాల మీదుగా తిరుపతి. పైకి గుత్తి, అక్కణ్ణుంచి తాడిపత్రి, కడప, రేణిగుంట లైను ఒకటి. గుంతకల్లు చేరితే బళ్ళారి, రాయచూరు, డోన్ మూడు దిక్కులు. నా అనుభవంలో అనంతపురం పిల్లలు ఎక్కువగా బెంగళూరు, కడప పిల్లలు తిరుపతి, చెన్నై, కర్నూలు పిల్లలు హైదరాబాద్ పోతారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఇంకో రకం ఉంది. కోసిగి, కౌతాళం వైపు అమ్మానాన్నలు సుగ్గికని, అంటే వలస కూలి పనికి, గుంటూరు మిరపతోటలకు పోతే, జేజి (అవ్వ) దగ్గర వదిలిన పిల్లలు వాళ్ళను వెతుక్కుంటూ బయల్దేరతారు. అక్కడ ముందు ఫోన్ చేయాల్సింది కూలీల్ని తీసుకెళ్ళిన మేస్త్రీకి.

ఇది చదివేవాళ్ళలో నాలుగైదేళ్ళ పసిపిల్లలు తప్పిపోయినవాళ్ళెవరైనా ఉంటే, పైన చెప్పిన వరస మీకు కాదు. ముందు నీళ్ళు చూడండి. సంపు, బావి, కుంట, కట్టడం కోసం తవ్విన గుంత, దగ్గర్లో హెచ్చెల్సీ గానీ కేసీ కెనాల్ గానీ ఉంటే దాని గట్టు. తర్వాత వీధిలో నిలిపి ఉన్న కార్లు, డోర్లు పడిపోయి లోపల ఇరుక్కుంటారు. నలుగురిని ఆ పనికి పంపిస్తూనే ఇంకొకరు 112కి ఫోన్ చేయాలి. ఉరుకుంద, గూగూడు లాంటి జాతరల్లో అయితే మైకు దగ్గరికి పరుగెత్తండి, తప్పిపోయిన చోట మాత్రం ఒకరిని కదలకుండా నిలబెట్టండి.

మీ అబ్బాయి బెంగళూరు చేరాడనే అనుకుందాం. అక్కడ ఆర్పీఎఫ్ గానీ చైల్డ్ హెల్ప్‌లైన్ గానీ పట్టుకుంటే జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, ప్రయాణానికి పట్టే టైము కాక, ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు పెడతారు, తర్వాత బాలల హోంలో ఉంచుతారు. ఇంటికి పంపిస్తారేమోనని పిల్లలు పేరు మార్చి చెప్తారు, ఊరు మార్చి చెప్తారు, అమ్మానాన్న లేరంటారు. కాబట్టి పేరు చెప్పి ఫోన్లో అడిగితే "అలాంటివాళ్ళు లేరు" అనే వస్తుంది. ఫోటో పంపాలి. బడి ఐడీ కార్డు ఫోటో వద్దు, ఈ మధ్య ఫోన్‌లో తీసిన, నవ్వుతున్నది ఒకటి, నిలబడి ఉన్నది ఒకటి. పుట్టుమచ్చలు, కుట్ల గుర్తులు రాయండి. మన జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా అక్కడి కమిటీకి పంపిస్తే అది అధికారికంగా పోతుంది. వాడు ఎన్ని అబద్ధాలు చెప్పినా ఆధార్‌లో వేలిముద్రలు ఉంటాయి. హోంవాళ్ళు కొత్త ఆధార్‌కు వేలిముద్రలు పెట్టిస్తే, ఇప్పటికే ఉందని తిరస్కరించి, అలా ఇల్లు దొరికిన పిల్లలు దేశంలో చాలామంది ఉన్నారు.

ఇప్పుడు డిటెక్టివ్ సంగతి. అందరూ మోసగాళ్ళని నేననను. పోలీసులోంచి రిటైరై ఆ పని చేసే మంచివాళ్ళు నాకు తెలుసు. కాకపోతే వాళ్ళకు చట్టం ఇచ్చిన అధికారం ఏదీ లేదు. డిటెక్టివ్ ఏజెన్సీలకు లైసెన్సులు పెట్టాలని 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాబట్టి కార్డు మీద ఎన్ని సింహాల బొమ్మలు వేసుకున్నా ఆయన మీలాగా నాలాగా మామూలు పౌరుడే. కాల్ డేటా, టవర్ లొకేషన్ ఆయనకు ఎవరూ ఇవ్వరు. ఇచ్చారంటే దొంగదారిన కొన్నాడని అర్థం, 2018లో ఠాణే పోలీసులు సరిగ్గా అందుకే డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. హోంలోకి పోయి రిజిస్టరు చూసే హక్కు లేదు. పిల్లోడు దొరికినా సంక్షేమ కమిటీకి చెప్పకుండా కార్లో ఎక్కించుకుని తీసుకొచ్చే హక్కు అసలే లేదు.

ఆయన పనికొచ్చేది కాళ్ళతో చేసే పనికి. కన్నడం వచ్చి ఉండాలి. మెజెస్టిక్, యశ్వంతపుర చుట్టూ బేకరీలు, దర్శినిలనే చిన్న టిఫిన్ హోటళ్ళు, కేటరింగ్ గోడౌన్లు, పీజీ హాస్టళ్ళ వంటిళ్ళు తిరిగి ఫోటో చూపించాలి. మన ఎస్సై ఆ పనికి ఇద్దరు కానిస్టేబుళ్ళను వారం రోజులు పంపలేడు, బందోబస్తులతోనే సరిపోతుంది. వాడు బెంగళూరు పోయాడని సీసీ కెమెరానో కండక్టరో చెప్పాక, అప్పటికీ దొరక్కపోతే, అప్పుడు పెట్టుకోండి. రోజుకింత అని మాట్లాడుకోండి, కాగితం రాయించుకోండి, ఎక్కడెక్కడ తిరిగాడో సాయంత్రానికల్లా ఫోటోలతో పంపమనండి. మొదటి షరతు, మా ఎస్సైగారితో మాట్లాడి పని మొదలుపెట్టండి అనడం. ఆ మాటకు ముఖం మారితే అక్కడితో వదిలేయండి. గ్యారంటీ అన్నవాణ్ణి కూడా.

పోస్టర్ గురించి చిన్న హెచ్చరిక. వాట్సాప్‌లో ఫోటో పెట్టిన కొన్ని గంటల్లోనే "మీ అబ్బాయి నా దగ్గరున్నాడు, ఆస్పత్రిలో ఉన్నాడు, పది వేలు ఫోన్‌పే చేయండి" అని ఫోన్లు వస్తాయి. ఎవరో ఒకడు తప్పకుండా చేస్తాడు. అందుకే పోస్టర్ మీద మీ నంబర్ బదులు స్టేషన్ నంబరూ ఇంకో కొత్త సిమ్ నంబరూ వేయండి. ఇంట్లోవాళ్ళకు తప్ప తెలియని ఒక ప్రశ్న ముందే అనుకోండి. వాడు పెంచిన కుక్కపిల్ల పేరో, మీ జేజి వాణ్ణి ఏమని పిలుస్తుందో. జవాబు చెప్పలేనివాడికి ఒక్క రూపాయి వద్దు, ఆ నంబర్ మాత్రం ఎస్సైకి ఇవ్వండి. "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోంది" అని ఎవరైనా మీ పోస్టర్ కింద రాస్తే వెంటనే తీయించండి. 2018లో అలాంటి వాట్సాప్ పుకార్లకు దేశంలో ఎంతోమంది అమాయకుల్ని కొట్టి చంపారు. ఏ బిచ్చగాడో మీ అబ్బాయి పేరు మీద దెబ్బలు తినకూడదు.

నాలుగు నెలలైనా దొరక్కపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పోవాలి. అంతదాకా వస్తుందని నేననుకోను గానీ, తెలిసి ఉండటం మంచిది. మనిషిని కోర్టు ముందు హాజరుపరచాలని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వేయమని ఎవరైనా వకీలు తొందరపెడితే, ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళి ఉచితంగా అడగండి.

దొరికాక మీరు వెళ్ళేటప్పుడు మీ ఆధార్, వాడి ఆధార్, బర్త్ సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఎఫ్ఐఆర్ కాపీ ఒరిజినల్స్‌తో పట్టుకెళ్ళండి. కమిటీ వాణ్ణి విడిగా కూర్చోబెట్టి మాట్లాడుతుంది, ఇంటికి పోతావా అని అడుగుతుంది. అప్పుడు గది బయట మీ ఆయన గొంతు పెద్దగా వినిపించకుండా చూసుకోండి. పోస్టర్లన్నీ అదే రోజు తీసేయించండి. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ అలాంటి పిల్లల ఫోటో, పేరు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. పైగా "దొరికాడు" అని చెప్పకపోతే ఆ ఫోటో రెండేళ్ళ తర్వాత కూడా ఎక్కడో తిరుగుతూ వాణ్ణి బళ్ళో తలెత్తుకోనివ్వదు.

మీ మరిది ఇప్పటికే ఆ డిటెక్టివ్‌కు కొంత ఫోన్‌పే చేసి ఉంటే, ఆ స్క్రీన్‌షాట్, వాళ్ళిద్దరి వాట్సాప్ మాటలు కూడా ఎస్సైగారికి చూపించండి. శనివారం మధ్యాహ్నం సంగతి ఇక్కడ రాయకండి, ఆయనకే చెప్పండి.